మాట మీద మారిన పొలం

నాన్న పేరు మీదున్న పొలాన్ని వదిన పేరు మీదికి మార్చడం ఒక పూట పని అనుకున్నాను. అన్నయ్య పోయాక నా మీద పడ్డ పనుల్లో అదొక్కటే తేలికగా కనిపించింది. పలకరించడానికి వచ్చేవాళ్ళతో మాట్లాడటం కంటే సంతకాలు పెట్టడం నయమనిపించింది.

పొలం రేపల్లెకు దగ్గర్లో ఉంది. అన్నయ్యా వదినా రేపల్లెలోనే ఉండేవాళ్ళు. నేను తెనాలిలో కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. నాన్న పోయి చాలా ఏళ్ళయినా అన్నయ్య ఆ పొలాన్ని తన పేరు మీదికి మార్పించుకోలేదు. అడిగితే, "ఉన్నది మనిద్దరం. తొందరేంటి?" అనేవాడు. చట్టం ప్రకారం అందులో సగం నాది. అన్నయ్య సగం ఇప్పుడు వదినది. వాళ్ళకు పిల్లలు లేరు. వదినకు పింఛను లేదు. ఆ పొలం మీద వచ్చే కౌలే ఆమె తిండీ, మందులూ. నా సగం వద్దని రాసిచ్చేస్తే మొత్తం పొలానికి ఆమె పేరున పాస్ పుస్తకం వస్తుంది. ఎవరి దయా లేకుండా బతుకుతుంది. నాకు కావలసింది అంతే.

ఒక పూట పని కాదని త్వరలోనే తెలిసింది. నాన్న పోయింది తెనాలి ఆస్పత్రిలో కాబట్టి ఆయన మరణ ధ్రువపత్రం తెనాలి మునిసిపాలిటీలో తీసుకోవాలి. అన్నయ్యది రేపల్లెలో. మేం పెరిగినప్పుడు రెండు ఊళ్ళూ ఒకే జిల్లా. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లా, రేపల్లె బాపట్ల జిల్లా. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం రేపల్లెలో అడిగితే, "మీ నాన్నగారి చిరునామా తెనాలి అనుంది, అక్కడికెళ్ళండి" అన్నారు. తెనాలిలో అడిగితే, "ఆస్తి ఎక్కడుందండి? రేపల్లెలోనా? మరి ఇక్కడికెందుకొచ్చారు?" అన్నారు. రెండు ఊళ్ళ మధ్య తిరిగే పాసింజరు రైల్లో కూర్చుని, అన్నయ్య తొందరేంటి అన్నది బద్ధకం వల్ల కాదేమోనని మొదటిసారి అనుకున్నాను.

ప్రతి కాగితంలోనూ అన్నయ్య పేరు ముందు 'లేటు' అని రాయాలి. ఒకచోట మర్చిపోయాను. గుమస్తా కాగితాన్ని వెనక్కి తోశాడు.

"లేటు వెయ్యండమ్మా."

వేశాను.

చివరికి కాగితాలన్నీ చేరాయి. రేపల్లెలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖరి గది ఉంది. ఒక కంప్యూటరు, ఒక జెరాక్స్ మిషను, రాహుకాలాల పక్కన ఎర్ర గీతలు గీసిన క్యాలెండరు. లేఖరి యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు, కిందికి దించుకుని చదువుతాడు.

"మేడంగారూ, మీ వాటాకి ఏం తీసుకుంటున్నారని రాయమంటారు?"

"ఏమీ లేదండి."

"ఏమీ లేదంటే?"

"ఊరికే వదులుకుంటున్నాను."

అతను వదిన వైపు చూశాడు. "చీరన్నా పెడుతున్నారాండి? ఆడపడుచు ఉత్తి చేతుల్తో పోకూడదు."

"తెచ్చానండీ," అంది వదిన, ఒళ్ళో సంచి తడుముకుంటూ. తెచ్చినట్టు నాకు చెప్పలేదు.

"చీర సంగతి దస్తావేజులో రాయరు కదా?" అన్నాను.

"రాస్తే దానికీ విలువ కట్టమంటారండి," అని నవ్వి, అద్దాలు దించుకుని, నాన్న పాత దస్తావేజు చదవడం మొదలుపెట్టాడు. సదరు, యావత్తు, ఇందుమూలముగా అంటూ పురోహితుడు గోత్రాలు చదివినంత వేగంగా చదువుకుంటూ పోయాడు. నేను ఆ భాషకు విసుక్కుంటూ కూర్చున్నాను. వదిన మాత్రం శ్రద్ధగా వింటోంది. హద్దుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఎత్తింది.

"ఆగండి. తూర్పున నీళ్ళ బోదె అంటున్నారేంటి? మన పొలానికి తూర్పున రోడ్డు కదా."

"పాత దస్తావేజు గదమ్మా. రోడ్డు తర్వాత పడి ఉంటుంది."

"రోడ్డు కాకముందు దొంక ఉండేదండి, బండ్లు పోయేది. కనీసం దొంకన్నా ఉండాలిగా."

అతను కంప్యూటర్లో ఊరి పటం తెరిచి సర్వే నంబరు వెతికాడు. "ఈ నంబరు రోడ్డు మీద లేదమ్మా. దాని వెనకున్న పొలం చెక్క ఇది."

"వెనక చెక్క వాళ్ళదండి," అంది వదిన. కాసేపాగి, "ఆఁ, మార్చుకున్నారుగా!" అంది.

పక్కింటివాళ్ళతో గిన్నెలు మారిపోయిన సంగతి గుర్తొచ్చినట్టుగా అంది. లేఖరి అద్దాలు మళ్ళీ నుదుటి మీదికి పోయాయి.

"ఎవరు మార్చుకున్నారు? ఎప్పుడు?"

"మా మావగారూ, ఆయన స్నేహితుడూను. నా పెళ్ళికి ముందే."

"కాగితం ఉందా?"

"కాగితమెందుకండి? పొద్దున లేస్తే ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళు."

జరిగింది ఇది. నాన్నకు లోపలి చెక్క ఉండేది. ఆయన స్నేహితుడికి దొంక పక్క చెక్క ఉండేది. ఆ స్నేహితుడి మిగతా పొలమంతా లోపల, మాకు అప్పట్లో ఉన్న ఇంకో చెక్క దొంక వైపు. ఒకరి చేను తొక్కుకుంటూ ఇంకొకరు అరకలు తోలుకుపోవాల్సి వచ్చేది. రెండు చెక్కలూ విస్తీర్ణంలో ఇంచుమించు సమానం. నాది నువ్వు చేసుకో, నీది నేను చేసుకుంటాను అనుకున్నారు. అంతటితో అయిపోయింది. మా వైపు రైతుల్లో ఇలాంటి మార్పిళ్ళు కొత్త కాదు. శిస్తు ఎవరి పేరున వస్తే వాళ్ళు కట్టారు, పంట ఎవరు వేస్తే వాళ్ళు తిన్నారు. తర్వాత దొంక తారు రోడ్డయింది. మా రెండో చెక్క అమ్ముడుపోయింది. మార్చుకున్న ఇద్దరూ పోయారు. కాగితాలు మాత్రం మార్పిడికి ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటి ప్రకారం వదిన కౌలు తింటున్న రోడ్డు పక్క పొలం ఆ స్నేహితుడి కొడుకుది.

"ఇప్పుడేం చెయ్యాలండి?" అన్నాను.

"రెండు పనులండి. ముందు మీరు వాటా వదులుకుని, లోపలి చెక్క అమ్మగారి పేరు మీదికి తేవాలి. కుటుంబంలోవాళ్ళే కాబట్టి దానికి స్టాంపు డ్యూటీ పెద్దగా ఉండదు. తర్వాత అమ్మగారూ, అవతలాయనా ఎక్స్‌ఛేంజ్ డీడ్ రాసుకోవాలి. దానికి మాత్రం అమ్మకానికి కట్టినట్టే కట్టాలి. రెండు చెక్కల్లో ఏది ఎక్కువ విలువైతే దాని మీద."

"ఏది ఎక్కువ?"

"ఇంకేదండి, రోడ్డు పక్కదే."

"అంటే మా పొలం మేమే కొనుక్కున్నట్టా?" అంది వదిన.

"కాగితంలో మీ పొలం కాదు గదమ్మా."

"మరి ఇన్నేళ్ళూ నేను ఎవరి కౌలు తిన్నాను?"

"ఆ మాట మాత్రం బయటెక్కడా అనకండి," అన్నాడు లేఖరి, గొంతు తగ్గించి. ఒక చిత్తు కాగితం మీద లెక్క వేసి మా వైపు తిప్పాడు. చూసి వదిన కాగితాన్ని మళ్ళీ అతని వైపు తిప్పేసింది. అది ఆమెకు ఏడాదిలో వచ్చే కౌలు కంటే ఎక్కువ. "అయినా అవతలాయన రావాలి గదండి," అన్నాడతను. "ఆయన రానంటే మీరు చెయ్యగలిగిందేం లేదు. రోడ్డు పక్కది ఆయనదే. మీకు మిగిలేది వెనకదే."

బయటికొచ్చాక వదిన అంది: "ముందు ఆ వెనకదేంటో చూద్దాం పద. చూడని పొలాన్ని ఇచ్చేస్తున్నానని ఎలా సంతకం పెట్టను?"

ఆటోలో వెళ్ళాం. రోడ్డు పక్క మా వరిచేను ఊడ్పులై పచ్చగా ఉంది. కౌలు రైతు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, మమ్మల్ని చూసి లేచాడు. చేను ఒక అంచున గట్టు వెడల్పయి, లారీ చక్రాల జాడలు పడి ఉంది. ఆ జాడల వెంట నడిచాం. దస్తావేజులో మాగాణి అని రాసి ఉన్న చోట చేపల చెరువు ఉంది. ఒడ్డున మేత బస్తాలు, ఒక రేకుల పాక, మోటారు.

"ఇదా మనది?" అంది వదిన.

"కాగితం ప్రకారం ఇదే."

"దీంట్లో వరెక్కడ వేస్తాం?"

"పడవ కొనుక్కోవాలండి అమ్మగారూ," అన్నాడు కౌలు రైతు. వదిన నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, అన్నయ్య పోయాక మొదటిసారి. వెంటనే ఆపుకున్నాను.

చెరువు తవ్వింది నాన్న స్నేహితుడి కొడుకే. రోడ్డు ఎక్కడానికి అతనికి వేరే దారి లేదు. మీ గట్టు మీద లారీ తోలుకుంటానన్నయ్యా అని అడిగితే, తోలుకో అన్నాడట అన్నయ్య. ఇదీ నోటిమాటే.

అతను పిల్లల చదువుల కోసం బాపట్లలో కాపురం పెట్టాడు. ఆ వారంలోనే రేపల్లె నుంచి బస్సులో బాపట్ల వెళ్ళాం. దారంతా వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అతను రానంటే ఆమెకు మిగిలేది ఒక చెరువు, దాన్ని తవ్వినవాడితో ఒక కోర్టు కేసు. వాయిదాలకు తిరిగే వయసు ఆమెకు లేదు. ఆమె బదులు తిరిగే ఓపిక నాకూ లేదు.

అతను గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "రా అక్కా. రా వదినా. అన్నయ్య పోయినప్పుడు రాలేకపోయాను, చెరువులో చేపల పట్టుబడి జరుగుతోంది. తర్వాతన్నా రావాల్సింది."

"ఇప్పుడు మేమొచ్చాంలే అబ్బాయ్," అంది వదిన.

అతని భార్య కాఫీ తెచ్చింది. నేను విషయం చెప్పాను. అతను నిదానంగా విన్నాడు.

"కాగితమెందుకు వదినా? మా నాన్న రాసుకున్నాడా, మీ మావగారు రాసుకున్నాడా? నేనెప్పుడన్నా మీ చేలోకొచ్చానా?"

"నువ్వు రావు. నీ తర్వాత వచ్చేవాళ్ళు?"

"మా పిల్లాడా? వాడికి వరి చేనుకీ గడ్డికీ తేడా తెలీదు."

"చేను తెలీనివాళ్ళకే కాగితాలు బాగా తెలుస్తాయి అబ్బాయ్."

అతని భార్య గ్లాసులు తియ్యడానికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. "అక్కయ్యగారూ, ఆ రోడ్డు పక్క సెంటు ఎంత పలుకుతోందో తెలుసా మీకు? మా పుట్టింటివాళ్ళందరూ మమ్మల్ని వెర్రివాళ్ళంటున్నారు."

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడతను.

"ఎందుకెళ్ళాలి? ఉన్నమాటంటే లోపలికా? ఊరంతా అనుకుంటున్నదే నేనన్నాను."

నాకు గొడవలు చేతకావు. అయినా ఈసారి నేనే అందుకున్నాను.

"మీ చెరువు మా సర్వే నంబర్లో ఉంది," అన్నాను.

"బెదిరిస్తున్నావా అక్కా?"

"లేదు. ఎవరి కాగితం వాళ్ళు పట్టుకుని కూర్చుంటే నీకు చెరువు పోతుంది, ఆవిడకి చేను పోతుంది. అది చెప్తున్నాను."

అతను భార్య వంక చూసి నవ్వాడు. "విన్నావా? మీ పుట్టింటివాళ్ళ మాట వింటే మనం మునిగేది మన చెరువులోనే." ఆమె ఖాళీ గ్లాసులు చప్పుడు చేసుకుంటూ లోపలికి పోయింది. తర్వాత అతనే ఒప్పుకున్నాడు. చెరువుకు అనుమతి రెన్యువల్ చేయించబోతే పాస్ పుస్తకం అడిగారట. చూపించడానికి అతని దగ్గరున్నది వాళ్ళ నాన్న పేరున ఉన్న రోడ్డు పక్క చేనుది. ఆర్నెల్లుగా తిప్పించుకుంటున్నారట. "నాకూ కావాలి వదినా. కానీ డ్యూటీ మాత్రం రోడ్డు పక్కది తీసుకునేవాళ్ళే కట్టుకోవాలి. అది న్యాయం."

"తీసుకోవడమేంటి? నా దగ్గరున్నదేగా!"

"నా దగ్గర చెరువుండటంలా? నేను మాత్రం ఎందుకు కట్టాలి?"

ఇద్దరి మాటా నిజమే. అదే నాకు విసుగు. ఎవరికీ కొత్తగా జానెడు నేల రావడం లేదు. ఎవరెక్కడున్నారో అక్కడే ఉండటానికి, కొనుక్కున్నవాళ్ళలా పన్ను కట్టాలి. ఈ పాపానికి పాల్పడ్డ ఇద్దరు స్నేహితులూ హాయిగా పోయారు. వాళ్ళు మంచివాళ్ళు కాకపోయి ఉంటే ఆనాడే కాగితం రాసుకునేవాళ్ళు, ఆనాటి విలువ మీద నాలుగు రూపాయల స్టాంపుతో పోయేది.

వాదన చాలాసేపు సాగింది. చివరికి అతను అన్నాడు: "ఒక పని చెయ్యి వదినా. గట్టు మీద దారి నాకు దస్తావేజులో రాసియ్యి. లారీ పట్టేంత. డ్యూటీ మొత్తం నేను కడతాను."

"ఇప్పుడు నడవట్లేదా నువ్వు?"

"నడుస్తున్నాను. నీ తర్వాత వచ్చేవాళ్ళు నడవనిస్తారా?"

వదిన మాట వదినకే తిరిగొచ్చింది. ఆమె చల్లారిన కాఫీ తాగేసి గ్లాసు కింద పెట్టింది. "లారీ పట్టేంత అంటే ఎంత?"

అతను చెప్పాడు.

"నీ లారీలు ఈమధ్య లావెక్కినట్టున్నాయి అబ్బాయ్."

వెడల్పు దగ్గర ఇంకో వాదన. ఆ దారి కోసం వరి పండే నేలలో ఒక పట్టీ పోతుంది, కౌలు కాస్త తగ్గుతుంది. ఆమె తగ్గించమంటుంది, అతను లారీ మలుపు తిరగొద్దా అంటాడు. చివరికి ఇద్దరికీ నచ్చని ఒక కొలత దగ్గర ఆగారు.

బస్సెక్కాక వదిన అంది: "మీ అన్నయ్యయితే ఊరికే రాసిచ్చేవాడు."

"అన్నయ్యయితే ఊరికే ఇచ్చేవాడు. రాయడం మాత్రం రాసేవాడు కాదు," అన్నాను.

తర్వాత నెలలు గడిచాయి. నా వాటా వదులుకున్న దస్తావేజు రిజిస్టరయింది. వదిన ఆ గదిలోనే నాకు బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టింది. లేఖరి తృప్తిగా తలూపాడు. చెరువు అతని వైపు కూడా అదే తంతు, వాళ్ళ నాన్న పేరు నుంచి అతని పేరుకు. ఒకసారి స్లాటు దొరికింది కానీ సర్వరు పని చెయ్యలేదు. ఇంకోసారి సర్వరు పని చేసింది కానీ ఆ గంటలో వర్జ్యముందని అతని భార్య రానివ్వలేదు. ప్రతిసారీ నేను తెనాలి నుంచి రైలెక్కి వచ్చి, పని కాక మళ్ళీ రైలెక్కి పోయాను.

ఎక్స్‌ఛేంజ్ డీడ్ చిత్తుప్రతి నా చేతికిచ్చి చూడమన్నాడు లేఖరి. చదివాను. ఇరుపక్షాలవారూ తమ సౌకర్యార్థం ఈ దినమున భూములు మార్చుకొనుటకు నిశ్చయించుకుని, ఈ దినముననే స్వాధీనపరచుకున్నారని ఉంది.

"ఈ రోజు కాదు కదండి. మా నాన్నా, అతని నాన్నా ఎప్పుడో మార్చుకున్నారు. అది రాయాలి కదా," అన్నాను.

"రాయకూడదండి. రాస్తే, అప్పుడే డ్యూటీ ఎందుకు కట్టలేదంటారు. మొదటికొస్తుంది."

"మరి ఇది అబద్ధం కదా."

"అబద్ధం కాదు మేడంగారూ, వాచకం," అన్నాడు ఓపిగ్గా.

జీవితమంతా వాచకాలు చెప్పినదాన్ని. చిత్తుప్రతి మళ్ళీ మొదటి నుంచి చదివాను. నాన్నా ఆయన స్నేహితుడూ మాట మీద నిలబడ్డ అన్ని సంవత్సరాలకూ, ఆ తర్వాత అన్నయ్య నిలబడ్డ సంవత్సరాలకూ ఆ దస్తావేజులో ఒక్క వాక్యం కూడా చోటు లేదు. చిత్తుప్రతి తిరిగిచ్చేశాను.

రిజిస్ట్రేషన్ రోజున అధికారి తలెత్తకుండా అడిగాడు. "మీ లోపలి చెక్క ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారామ్మా?"

"అది ఎప్పుడూ నా చేతిలో లేదండి," అంది వదిన.

అధికారి తలెత్తాడు. లేఖరి వెనకనుంచి దగ్గాడు. "పెద్దావిడండి, సార్."

"అవునా కాదా చెప్పండమ్మా. ఇష్టమేనా?"

"ఇష్టమేనండి."

"ఈ రోజే స్వాధీనం చేశారు కదా?"

వదిన నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. "చేశానండి," అందామె. వేలిముద్ర పడింది. కెమెరా ముందు కూర్చోబెట్టి ఫొటో తీశారు. పక్క కుర్చీలో నాన్న స్నేహితుడి కొడుకు కూర్చున్నాడు. చలానా అతనే కట్టాడు. బయటికొచ్చాక ఎవరి మీదా కోపం లేకుండా, అలిసిపోయిన ముగ్గురు మనుషుల్లా టీ తాగాం.

మర్నాడు దారికి హద్దురాళ్ళు పాతుతున్నారంటే పొలానికి వెళ్ళాం. అన్నయ్య బతికున్నంతకాలం ఆ రెండు చెక్కల మధ్య రాయి లేదు. వదిన ప్రతి రాయి దగ్గరా నిలబడి, చేను వైపు జరక్కుండా చూసుకుంది. రాళ్ళు పాతడం అయ్యాక కౌలు రైతు ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ, ఇంకోటండి. గట్టుకి ఈ మూల నీళ్ళ మడవుంది చూశారా? కాలవ నీళ్ళు లేటైతే చెరువులోంచి మన చేలోకి వదులుకుంటాం. వాన ముంచితే వాళ్ళ నీళ్ళు మన చేలోంచి రోడ్డు పక్క బోదెలోకి పోతాయి. అయ్యగారూ చెరువాయనా అనుకున్నదే. ఇది కాగితంలో లేదంటగా. మూసేయమంటారా?"

వదిన మడవ దగ్గరికి నడిచింది. సన్నగా నీళ్ళు పారుతున్నాయి. మూసేస్తే రేపు వానకు అతను ఆమె దగ్గరికి రావాలి. తెరిచి ఉంచితే ఆమె చేనుకు ఎండలో నీళ్ళుంటాయి. రెండూ ఆలోచించుకుంటోందని నాకు తెలుస్తోంది.

"ఉంచు," అంది చివరికి. "నువ్వూ అతనూ ఎప్పట్లాగే వాడుకోండి."

"రేపు ఆయన ఇదీ రాయించమంటే?"

"రాయించనని చెప్పు. ఇది నాకూ అతనికీ మాట." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ ఆ లేఖరికి చెప్పకు. దీనికీ ఏదో ఒకటి కట్టమంటాడు," అంది.

చెప్పనన్నాను. పాస్ పుస్తకానికి అర్జీ పెట్టాల్సిన ఆఫీసు భోజనాల వేళకు మూసేస్తారని ఆమె తొందరపెట్టింది. ఇద్దరం రాళ్ళకు ఇవతలగా, చేను గట్టు మీద నడుచుకుంటూ రోడ్డెక్కాం.